కావాలని తప్పిన పరీక్ష

ఆ జట్టులో ప్రతివాడికీ ఒక ముద్దుపేరు ఉంది కానీ, పొట్టేలు అన్న పేరు అతికినట్టు ఇంకెవరికీ ఏదీ అతకలేదు. మనిషి పొట్టి. మెడ అన్నది కనపడదు. భుజాల మీద తల పెట్టి గట్టిగా అదిమేసినట్టుంటాడు. రగ్బీలో అతని పని కూడా పేరుకు తగ్గదే. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు వేరే ఉంటారు. ఆట ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడు రెండు జట్లలోని బండవాళ్ళు నడుములు వంచి, ఒకరి భుజాల సందుల్లో ఒకరు తలలు దూర్చి తోసుకుంటారు. దాన్ని స్క్రమ్ అంటారు. అందులో ముందు వరసలో ఉండేవాడు పొట్టేలు. "నా తలకాయకే జీతం ఇస్తారు, లోపలున్నదానికి కాదు" అని తనే చెప్పి తనే నవ్వేవాడు.

ఇంట్లో మాత్రం ఆ తలకాయకు అంత పలుకుబడి లేదు. అతని భార్య కారు నడపడం నేర్పుతుంది. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ ప్రాణాలు కాపాడి ఇంటికొచ్చే మనిషి. ఎవరి గొప్పలకూ లొంగే రకం కాదు. మూడో తరగతి చదివే కూతురేమో తండ్రిని ఒకపూట కుర్చీగానూ ఒకపూట నిచ్చెనగానూ వాడుకునేది. వీళ్ళు కాక బావమరిది ఒకడు. అద్దెకుండేది వేరే ఇంట్లోనే అయినా భోజనం మాత్రం అక్కగారింట్లోనే. అతనూ అదే జట్టులో ఆడతాడు. అంచున కాచుకుని ఉండి, బావ చెమటోడ్చి తోస్తే బయటికొచ్చిన బంతిని అందుకుని తుర్రుమంటాడు. మర్నాడు పేపర్లో ఫొటో అతనిది పడుతుంది. "నా చెమట, వీడి ఫొటో" అని పొట్టేలు వాపోయేవాడు కానీ, ఆ పిల్లాడంటే అతనికి ప్రాణం.

అసలు గొడవ తెచ్చిపెట్టింది ఆ బావమరిదే.

ఆ ఏడు ఆటలు మొదలయ్యే ముందు క్లబ్బుకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న మనిషి, చిన్న గొంతు. అందర్నీ కూర్చోబెట్టి, తలకొక పరీక్ష ఉంటుందని చెప్పింది. నిజంగానే అది తలకు పెట్టే పరీక్ష. కొన్ని మాటలు చదివి వినిపిస్తుంది, కాసేపాగాక గుర్తున్నవి చెప్పాలి. అంకెలు చెబితే వెనక నుంచి ముందుకు అప్పజెప్పాలి. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. బాగున్నప్పుడు ఎలా ఉన్నారో చూసి పెట్టుకుంటే, రేపు ఎవరి తలకైనా దెబ్బ తగిలినప్పుడు మళ్ళీ ఇదే పరీక్ష పెట్టి పోల్చి చూస్తానంది. తగ్గినట్టు తేలితే బాగయ్యేదాకా ఆట బంద్.

ఆవిడ అలా గదిలోకి వెళ్ళిందో లేదో, బావమరిది బావ చెవిలో దూరాడు.

"ఇప్పుడు తెలివంతా చూపించేస్తే, రేపు దెబ్బ తగిలాక అంత తెలివి ఎక్కణ్ణించి తెస్తావ్ బావా? ఇప్పుడే మొద్దులా ఉండు. తర్వాత ఎంత మొద్దుబారినా తేడా కనపడదు."

ఇంత బంగారంలాంటి ఉపాయం ఒక్క చెవిలో ఎందుకాగుతుంది? బట్టలు మార్చుకునే గది దాటేలోపు జట్టంతా పాకింది. ఆ రోజు ఆ గదిలో జరిగిన నటన నాటకాల పోటీల్లో కూడా జరిగి ఉండదు. పొట్టేలు వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ కిటికీ, ఏనుగు, దుప్పటి, నది, చెంచా అంటూ ఒక వరస చదివింది. అతనికి అన్నీ గుర్తున్నాయి. అయినా తల గోక్కుని, కిటికీ అన్నాడు, నది అన్నాడు, ఆవిడ అననే అనని బకెట్టు కూడా అన్నాడు. అంకెలు వెనక్కి చెప్పమంటే ముందుకు చెప్పాడు. ఒంటికాలి మీద నిలబడమంటే గోడకు చేరగిలబడ్డాడు. జట్టులో పొడుగు అని పిలిచే ఒకడు ఇంకా మించిపోయి, తను పుట్టిన నెలేదో గుర్తు రావడం లేదన్నాడట. అయితే ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్పించాలి, ఇంటికి కబురు చేయండి అని డాక్టరమ్మ అనేసరికి నెలతో పాటు వారం కూడా గుర్తొచ్చిందట వాడికి. వారం పాటు జట్టంతా ఇదే చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ ఏడు వాళ్ళకు పట్టిందల్లా బంగారమైంది. క్లబ్బు పుట్టాక ఎన్నడూ లేనిది, ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరంలోకి వచ్చారు. పొట్టేలుకు ఈ ఆటలో తలపండింది కానీ, కప్పు అన్నది ఎత్తినవాళ్ళ పక్కన నిలబడి చూడటమే తప్ప చేత్తో ముట్టుకోలేదు. అందుకే ఆ సెమీఫైనల్ మధ్యాహ్నం ఒంట్లో ఉన్నదంతా ధారపోస్తున్నాడు.

ఆట సగం దాటాక, ఎదుటి జట్టువాణ్ణి పడగొట్టబోయి కాళ్ళ దగ్గరికి దూకాడు. వాడి మోకాలూ ఇతని కణతా గట్టిగా కొట్టుకున్నాయి. చప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించింది. పొట్టేలు వెంటనే లేచాడు. నిక్కరు దులుపుకున్నాడు. ఠీవిగా నడుచుకుంటూ వెళ్ళి ఎదుటి జట్టు వరసలో నిలబడ్డాడు.

జనం గొల్లుమన్నారు. ఎదుటివాళ్ళలో ఒకడు అతని భుజం తట్టి, మీవాళ్ళు అటున్నారన్నా అని చూపించాడు. డాక్టరమ్మ అప్పటికే గీత దాటి లోపలికి పరిగెత్తుకొస్తోంది. సరదాకి చేశానండీ అని పొట్టేలు ఎంత చెప్పినా వినకుండా బయటికి తీసుకుపోయింది. అతను మామూలుగానే వేళాకోళం మనిషి కాబట్టి మిగతా అందరూ సరదాకేనని నమ్మారు. జట్టు గెలిచింది. ఫైనల్‌కి రెండు వారాల గడువుంది.

ఆ మధ్యలో డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష పెట్టింది. ఈసారి పొట్టేలు నటించలేదు. బావమరిది వద్దన్నా వినకుండా, ఎందుకైనా మంచిదని ఉన్న తెలివంతా కూడగట్టుకుని కూర్చున్నాడు. చదివిన మాటలు నీళ్ళల్లో సబ్బులా చేతికి దొరికినట్టే దొరికి జారిపోయాయి. పళ్ళు బిగించి వెతికితే రెండు దొరికాయి. అంకెలు మూడోదాని దగ్గరే తిరగబడ్డాయి. ఒంటికాలి మీద నిలబడితే గది ఓ పక్కకు ఒరిగింది.

డాక్టరమ్మ కంప్యూటరు తెర మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తలనొప్పి ఉందా, వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాడు పొట్టేలు. అప్పుడు కూడా వెలుతురు వైపు వీపు పెట్టుకునే కూర్చున్నాడు. పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతేనని, ఈ లెక్కన ఆపడానికి తనకు కారణం కనపడటం లేదని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఆ చెప్పడంలో సంతోషం మాత్రం లేదు.

బయట బావమరిది బావను అమాంతం ఎత్తబోయి, లేవకపోయేసరికి కావలించుకుని ఊరుకున్నాడు. నా ఉపాయం చూశావా అన్నాడు. పొట్టేలు నవ్వాడు కానీ లోపల గుండెలో రాయి పడింది. ఆనాడు మొద్దులా నటించి ఎక్కడ ఆగాడో, ఈనాడు ప్రాణం పెట్టి ప్రయత్నిస్తే అక్కడికే చేరాడు. ఆ సంగతి ఈ ప్రపంచంలో తనొక్కడికే తెలుసు. మైదానం పక్కన మెట్ల మీద కూర్చుని బావమరిదికి అదే చెప్పాడు. వాడి ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత సర్దుకున్నాడు.

"ఆడొచ్చని చెప్పింది డాక్టరు. చదువుకున్న మనిషి, మిషన్లు పెట్టుకుని చూసింది. ఏదైనా అయితే బాధ్యత ఆవిడది, నీది కాదు బావా."

పైగా ఇప్పుడు నోరు విప్పితే జట్టు మొత్తం పట్టుబడుతుందని, ఫైనల్ ముందు అందరి గొంతూ కోసినట్టవుతుందని చెప్పుకొచ్చాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో. పొట్టేలు ఆ మాటను ఒక రోజంతా దుప్పటిలా కప్పుకుని తిరిగాడు.

మర్నాడు మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. భార్య తన దగ్గర నేర్చుకుంటున్న ఒక పెద్దాయన సంగతి చెబుతోంది. బట్టల కొట్టు కొడుక్కి అప్పగించి, తీరిగ్గా కారు నేర్చుకుందామని వచ్చాడట. మంచి మనిషి, కబుర్ల పోగు. ఆ ఉదయం కబుర్లు చెబుతూ చెబుతూ, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ వైపు నిక్షేపంగా పోనిచ్చాడట. ఈవిడ తన బ్రేకు తొక్కకపోతే ఇద్దరూ లారీలో కలిసిపోయేవాళ్ళు. ఏమయ్యా కళ్ళు కనపడవా అని అరిస్తే, అంతగా కనపడవమ్మా అన్నాడట. మరి కళ్ళ డాక్టరు బాగున్నాయని ఎలా రాశాడంటే, పలక మీద అక్షరాలు ముందురోజే ఇంటావిడ చేత చదివించుకుని కంఠతా పట్టేశాడట.

బావమరిదికి నవ్వాగక పొలమారింది. పొట్టేలు వాడి నెత్తికి బదులు కూతురి నెత్తి తడుతూ తనూ నవ్వాడు.

"ఇప్పుడా లారీని గుద్దేస్తే తప్పెవరిదండీ?" అంది భార్య.

"డాక్టరుదే. ఆమాత్రం కనిపెట్టొద్దూ?" అన్నాడు పొట్టేలు చటుక్కున.

"ఆ డాక్టరుకు తెలీదు పాపం. ఈయనకు తెలుసు కదా."

పొట్టేలు కంచంలోకి తల వంచాడు. భార్య లేచి అందరికీ వడ్డించింది. కూతురు బడిలో ఏదో పందెం గెలిచిన సంగతి మొదలుపెట్టింది. అది పూర్తయ్యాక పొట్టేలు తలెత్తి, ఎంతో ఆసక్తిగా అడిగాడు.

"ఇంతకీ ఆ పెద్దాయన లారీని ఎందుకు చూడలేదంటావ్?"

బావమరిది ముద్ద చేతిలోనే ఆగిపోయింది. కూతురు ఇప్పుడే కదా నాన్నా అమ్మ చెప్పింది అనబోతుంటే తల్లి కళ్ళతోనే ఆపింది. గరిట పక్కన పెట్టి, ఆవిడ మొగుడి ముఖంలోకి చాలాసేపు చూసింది.

భోజనాలయ్యాక వంటగది గట్టుకు ఆనుకుని నిలబడి పొట్టేలు అంతా చెప్పేశాడు. వారం నుంచి తలనొప్పి ఉందని, వీధిలో హారన్లు వింటే కడుపులో తిప్పుతోందని కూడా చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడి, తనే వెళ్ళి డాక్టరమ్మకు చెప్పేస్తే ఎంత బావుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ అదేం చేయలేదు.

"నేను వెళ్ళి చెప్తే, పెళ్ళాం ఆడనివ్వలేదని బతికినన్నాళ్ళూ నన్నంటారు. మీ తల, మీరే చెప్పుకోండి. చెప్పకుండా బూట్లేసుకుంటారా, మీ ఇష్టం. చూడ్డానికి నేను రాను, పిల్లనీ పంపను."

ఆ మాటలు అంటున్నప్పుడు ఆవిడ కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

డాక్టరమ్మ గది క్లబ్బులో బట్టలుతికే మిషన్ల పక్కన ఉంటుంది. మర్నాడు పొట్టేలు వెళ్ళేసరికి ఆవిడ నారింజపండు ఒలుచుకుంటోంది. గోడవతల మిషను గిరగిర తిరుగుతుంటే అతని తల కూడా దాంతో పాటే తిరుగుతోంది. కూర్చోమంటే కూర్చున్నాడు. ఏం చెప్పాలో దారంతా వరసగా పేర్చుకుని వచ్చాడు కానీ అన్నీ కలగలిసిపోయి, చివరి మాట ముందొచ్చింది.

"మొదటిసారి నేను నటించానండీ."

"తెలుసు. నది తర్వాత చెంచా అనబోయి నోరు మూసుకున్నారు" అంది డాక్టరమ్మ.

పొట్టేలు నోరెళ్ళబెట్టాడు. తెలిసీ ఎందుకూరుకున్నారని అడిగాడు. ఆవిడ దాచలేదు. అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టాలని పైవాళ్ళను అడిగిందట. ఇప్పుడు తీరిక లేదు, ఆటలయ్యాక చూద్దామన్నారట. కొత్తగా వచ్చాను కదా అని ఇంకో మాట అనకుండా వచ్చేసిందట. గట్టిగా పట్టుబట్టాల్సింది, అందులో తప్పు నాది కూడానని ఒప్పుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మొన్న కూడా నటించారా?"

"మొన్న లేదండీ. ప్రాణం పెట్టి చెప్పాను."

ఆవిడ చేతిలోని తొన కాగితం మీద పెట్టేసింది.

"అంటే ఎంత తగ్గినట్టండీ?" అని పొట్టేలే అడిగాడు.

"ఏమని చెప్పను? ఏ ఎత్తు నుంచి కింద పడ్డారో నాకు తెలీనివ్వలేదు కదా మీరు. ఎక్కడ పడ్డారో అదొక్కటే తెలుసు."

ఎదుటివాడు ఎంత బరువున్నా ఏనాడూ బెదరని పొట్టేలు, ఆ చిన్న గదిలో, ఆ చిన్న గొంతు ముందు బెదిరిపోయాడు. ఫైనల్ సంగతి ఆవిడ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేకపోయింది.

కోచ్ ఈ కబురు విని తల పట్టుకున్నాడు. తిట్టలేదు కానీ, ఈ నిజాయితీ ఇంకొక్క వారం ఆగలేకపోయిందా నాయనా అని ఎంతో దీనంగా అడిగాడు. ఈసారి డాక్టరమ్మ ఊరుకోలేదు. అందరికీ కొత్తగా పరీక్ష పెట్టందే ఒక్కణ్ణి కూడా మైదానంలోకి వదలనని, కాదంటే ఆటలు నడిపే పెద్దలకే నేరుగా చెప్తానని కూర్చుంది. ఆ మర్నాడు జరిగింది మాత్రం చూసి తీరాలి. రాత్రికి రాత్రి ఊరంత మేధావుల గుంపు తయారైంది. ఏనుగూ చెంచాలతో సహా మాటలన్నీ గడగడా అప్పజెప్పారు. పుట్టిన నెల మరిచిపోయిన పొడుగువాడు అంకెల్ని వెనక్కే కాదు, అడక్కపోయినా ముందుకు కూడా చెప్పాడు. నా జట్టులో ఇంత మెదడుందని ఇన్నేళ్ళూ తెలీలేదే అని కోచ్ ఆశ్చర్యపోయాడు. పొట్టేలు వసారాలో కూర్చుని ఇదంతా విన్నాడు. బావమరిది అతని ముందు నుంచే నడిచి వెళ్ళాడు కానీ తల తిప్పలేదు. ఆ వారమంతా భోజనానికి కూడా రాలేదు. బాధ్యత నీది కాదు బావా అన్నవాడే, బావ దాన్ని నెత్తిన వేసుకునేసరికి మొహం చూపించలేకపోయాడు.

ఫైనల్ రోజు పొట్టేలు మామూలు బట్టల్లో, చలువ కళ్ళద్దాలు పెట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, భార్యకూ కూతురికీ మధ్య కూర్చున్నాడు. అతని చోటులోకి దిండు అనే కుర్రాడు వచ్చాడు. మెత్తటి ఒళ్ళు, మెత్తటి మాట. రెండేళ్ళుగా బెంచీ మీదే కూర్చుని కూర్చుని ఆ పేరు తెచ్చుకున్నాడు. వాడు ముందు వరసలో వంగినప్పుడు పొట్టేలు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదుటివాళ్ళు అడుగు వెనక్కి పోతున్నారు. దిండు తోస్తున్నాడు. చక్కగా, బ్రహ్మాండంగా తోస్తున్నాడు. పొట్టేలుకు సంతోషమైంది. ఆ సంతోషం అడుగున సన్నగా ఏదో గుచ్చుకుంది కూడా. తను లేకపోతే జట్టు కుప్పకూలిపోతుందని మనసులో ఓ మూల ఆశ పెట్టుకున్నాడని అతనికి అప్పుడే తెలిసింది.

కాసేపటికి బావమరిదిని ఇద్దరు కలిసి పడేశారు. గడ్డం నేలకు తగిలింది. లేచి నిలబడ్డాడు. బాగున్నావా అని గట్టు మీద నుంచి కోచ్ అరిచాడు. ఇంతకు ముందైతే అడక్కముందే బొటనవేలు చూపించేవాడు. ఈసారి కాసేపు అలాగే నిలబడి, ఎటో చూసి, తనంతట తనే నడుచుకుంటూ డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. ఆవిడ చూసి, ఏమీ లేదని వెనక్కి పంపింది. వెళ్ళీ వెళ్ళగానే చేతిలోకొచ్చిన బంతిని జారవిడిచి జనం చేత తిట్లు తిన్నాడనుకోండి, అది వేరే విషయం.

గెలిచారు. బొటాబొటిగానే అనుకోండి. కప్పు చుట్టూ అందరూ గంతులేస్తుంటే బావమరిది గట్టు ఎక్కి వచ్చి, బావ చెయ్యి పట్టుకుని కిందికి లాక్కుపోయాడు. పొట్టేలు కప్పు ఎత్తాడు. ఊహించుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. అప్పుడే ఎవరో బాకా ఊదేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. భార్య మెల్లగా కప్పు అందుకుని దిండు చేతుల్లో పెట్టి, మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది.

తర్వాత కొన్నాళ్ళు ఆ ఇల్లు గ్రంథాలయంలా నడిచింది. టీవీ లేదు, ఫోను లేదు. కూతురు తల్లితో పోట్లాడాలన్నా గుసగుసగానే పోట్లాడాల్సి వచ్చేది. భోజనానికి తిరిగి రావడం మొదలుపెట్టిన బావమరిది కూడా గిన్నెలు చప్పుడు చేయకుండా ఖాళీ చేసేవాడు. నెలలు గడిచేకొద్దీ తలనొప్పి పలచబడి, చివరికి పోయింది. డాక్టరమ్మ ఒక పెద్ద మెదడు డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన అన్ని రకాలుగా చూసి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంకో దెబ్బ తగిలితే ఏమీ కాకపోవచ్చు, చాలా కావచ్చు, ఎవరూ ముందుగా చెప్పలేరు, ఆడాలా మానాలా అన్నది మీరే తేల్చుకోవాలి అన్నాడు.

పొట్టేలుకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చదివి, ఆడొద్దు అన్న ఒక్క మాట అనలేడా ఈ మనిషి? అంటే తిట్టుకుంటూనో ఏడుస్తూనో మానేసేవాడు కదా. భార్యను అడిగితే ముందే చెప్పాను కదా మీ తల అంది. బావమరిదిని అడిగితే, నీకు ఇంకోసారి సలహా ఇచ్చేంత ధైర్యం నాకు లేదు బావా అని చేతులు జోడించాడు. చివరికి దిండును కూడా అడిగాడు. వాడు మొహమాటపడి, మీరొస్తే నేను మళ్ళీ బెంచీ మీద కూర్చుంటానన్నా, నాకేం ఇబ్బంది లేదు అన్నాడు. వాడి ముఖం మాత్రం ఆ మాటకు ఒప్పుకోలేదు.

కొత్త సీజన్‌కి ఇంకా కొద్ది రోజులుందనగా, ఒక ఉదయం భార్య పనికి వెళుతూ అతన్ని సంత దగ్గర దింపుతానంది. కారు ఆవిడే నడుపుతోంది. రోడ్డు మీద జనం పలచగా ఉన్నారు. మైదానం పక్క నుంచి వెళుతుంటే లోపల కుర్రాళ్ళు వంగి తోసుకుంటున్న కేకలు వినిపించాయి. పొట్టేలు అద్దం దించి, ఆ కేకలు వెనకబడేదాకా విన్నాడు.

"మానేస్తున్నాను" అన్నాడు.

"సరే" అంది భార్య.

ఇంకేమైనా అడుగుతుందేమోనని చూశాడు. ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది. ముక్కు మాత్రం ఎర్రబడింది. భయపడి మానేయడం లేదు, ఎవరో వద్దన్నారని కాదు, నాకే తెలుసు కాబట్టి అని ఏదో సర్దిచెప్పబోయాడు. మధ్యలో ఒక మాట అందలేదు. దానికోసం వెతుకుతూ కాసేపు ఆగాడు. ఆవిడ తొందరపెట్టలేదు, అందివ్వనూ లేదు. దొరక్కపోయేసరికి ఊరుకుని, చెయ్యి తీసుకెళ్ళి గేరు మీదున్న ఆవిడ చేతి మీద పెట్టాడు.

అలా పెట్టేసరికి, తిరగాల్సిన మలుపు కాస్తా దాటిపోయింది. ఇన్నేళ్ళుగా ఊరందరికీ దారి చూపించే మనిషి, తిరగడం మర్చిపోయిన సంగతి చాలా దూరం పోయాక గానీ గమనించలేదు. వెనక్కి తిప్పుకోవడానికి పెద్ద వంతెన దాకా పోవాలి. పోనీలే అంది. పొట్టేలు సీటు కొంచెం వెనక్కి జరుపుకుని, బయటికి చూస్తూ కూర్చున్నాడు.